రెండూ ఏడుకి మూగబోయిన గంట

సైరన్ గదిలో కుర్చీ ఒకటే ఉంది. దానిమీద ఇన్‌స్పెక్టర్ కూర్చున్నాడు. చేతులకు బేడీలు పడ్డ గార్డు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చాదస్తం మటుకు నేలమీద గొంతుక్కూర్చుని, సైరన్ డబ్బా కిందనుంచి గోడలోకి పోయిన తీగను వేలితో తడుముతున్నాడు, రోగి నాడి దొరక్క వెతుక్కుంటున్న వైద్యుడిలాగా.

ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది. ఆ పేరుతో పిలిచేవాళ్ళంతా పోయారు గనక ఇప్పుడది ఎవరికీ అక్కర్లేదు. ముప్ఫై ఏళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజీలో తీగలు కలిపాడు. ఆ తరవాత పన్నెండేళ్ళుగా డిటెక్టివ్ పని చేస్తున్నాడు. అడిగినదే అడగడం, చూసినదే చూడడం అలవాటు గనక ఊరంతా కలిసి చాదస్తం అని పేరు పెట్టేశారు. ఫోనులో అవతలివాడు ఊపిరి పీల్చిన తీరునిబట్టి వాడు అబద్ధమాడుతున్నాడనీ, వాడికి ఎడమవైపు దవడపన్ను పుచ్చిందనీ ఒకసారి చెప్పాడట. అబద్ధం సంగతి కోర్టులో రుజువైంది. పన్ను సంగతి నమ్మడం, మానడం మీ ఇష్టం.

"ఎంతసేపయ్యా ఆ తీగతో సరసం?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మూడూ ఇరవై అయింది. అయిదింటికి వీణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి."

"నిలబెట్టండి. గంట నలభై నిమిషాలుంది కదా," అన్నాడు చాదస్తం. గార్డు వైపు తిరిగి, "మళ్ళీ మొదట్నించీ చెప్పవయ్యా," అన్నాడు.

గార్డు చెప్పాడు. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. గురువారం మధ్యాహ్నం ఈ కోల్డ్ స్టోరేజీ మూడో గదిలో, సున్నాకు ముప్ఫై డిగ్రీలు దిగువన, ఫిట్టరు చనిపోయాడు. రెండూ తొమ్మిదికి లోపలికి వెళ్ళాడు. వెనకాల తలుపు మూసుకుపోయింది. అది బయటినుంచి, అదీ కార్డుతోనే తెరుచుకుంటుంది. లోపల చిక్కుకున్నవాడికి దిక్కు గోడమీదున్న ఎర్ర బటన్ ఒక్కటే. అది నొక్కితే ఇక్కడ సైరన్ మోగాలి, గార్డు పరిగెత్తుకెళ్ళి తలుపు తీయాలి. మూడూ పదికి మోతకూలీ సరుకు కోసం తలుపు తీసేసరికి ఫిట్టరు బటన్ కిందే ముడుచుకుని పడి ఉన్నాడు.

"సైరన్ మోగలేదు బాబూ. మోగితే వెళ్ళనా? ఆయన మా అక్క మొగుడు," అన్నాడు గార్డు.

"మోగలేదా, నీకు వినపడలేదా?" ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"నా చెవులు బానే ఉన్నాయి సార్. పొద్దున మీరు వరండాలో నన్నూ మా నాన్ననూ కలిపి తిట్టారే, అది కూడా వినపడింది."

చాదస్తం నవ్వు దాచుకోవడానికి ముక్కు తుడుచుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ మొహం గంటు పెట్టుకున్నాడు. "చూడు పెద్దమనిషీ. లోపలి బటన్ మూత పగిలిపోయి ఉంది. అంటే చచ్చినవాడు నొక్కాడు, గుద్దాడు. పొద్దున నేనే స్వయంగా నొక్కి చూశాను, చెవులు చిల్లులు పడేలా మోగింది. మరి గురువారంనాడు దానికి గొంతు పట్టేసిందా? బుధవారం క్యాంటీన్లో ఈ బావా బావమరుదులు కాలర్లు పట్టుకున్నారు. ఇరవైమంది చూశారు. వీడు విన్నాడు. కదలకుండా కూర్చున్నాడు. తరవాత కంప్యూటర్లో రాతలు కూడా చెరిపేశాడు. గంట నొక్కినట్టు అందులో ఒక్క ముక్క లేదు. కంప్యూటర్ గది తాళం చెవి వీడి మొలకే ఉంటుంది."

"గొడవ దేనికి?" చాదస్తం గార్డునే అడిగాడు.

గార్డు నీళ్ళు నమిలాడు. "రేపు తనిఖీవాళ్ళొస్తారు కదండీ. ఈ సైరన్ నమ్మడానికి లేదనీ, దీనికి సొంత తీగ లేదనీ వాళ్ళతో చెప్తానన్నాడు బావ. నువ్వూ నా పక్కన నిలబడరా అన్నాడు. ఉద్యోగం పోతుంది, నేను నోరు విప్పనన్నాను. పిరికి సన్నాసీ అన్నాడు." ఆగాడు. "నిజమే కదండీ."

"గురువారానికి ముందు దీని గొంతు ఆఖరిసారి ఎప్పుడు విన్నావు?"

"పోయిన నెల. ప్రోగ్రాం ఆపి మళ్ళీ మొదలెట్టినప్పుడల్లా ఒక్కసారి కుయ్యిమంటుంది. అంతే."

చాదస్తం మోకాళ్ళు పట్టుకుని లేచాడు. మూడో చలిగది ఈ గదికి ఎడమపక్క ఉంది. సైరన్ తీగ మటుకు కుడిపక్క గోడలోకి దూరి, పైకి, కంప్యూటర్ గది వైపు పోతోంది.

"ఈ తీగకి చుట్టరికం పైనెక్కడో ఉంది. పదండి," అన్నాడు.

పైన రెండు బల్లలు, ఒక కిటికీ, ఒక బల్ల ఫోను ఉన్న గది. చచ్చిపోయిన ఫిట్టరు కూతురు అక్కడే పనిచేస్తుంది. ఈ చలిగదుల ప్రోగ్రాం బాగోగులు చూసేది ఆమే. మామయ్యను విడిపించమని చాదస్తాన్ని పిలిపించిందీ ఆమే. నాన్న పోయి నాలుగో రోజు. తల దువ్వుకోలేదు, కళ్ళు మటుకు పొడిగా ఉన్నాయి. ఏడుపు తరవాత ఏడుద్దామని దాచిపెట్టుకున్నవాళ్ళ కళ్ళలా ఉన్నాయవి.

"అమ్మా, నాకు కంప్యూటర్ గురించి తెలిసింది సున్నా. ఆ రాతలేమిటో నాకూ, తెలుసని అనుకుంటున్న ఇన్‌స్పెక్టర్ గారికీ కలిపి చెప్పు."

"లాగ్ అంటామండీ బాబాయ్ గారూ. ప్రోగ్రాం ఏం చేసినా ఒక లైను రాసిపెట్టుకుంటుంది. ప్రోగ్రాం సొంతంగా రాయదు. రాయడానికి ఒక లైబ్రరీ ఉంటుంది."

"గుమాస్తా అన్నమాట."

"ఊ, గుమాస్తాయే. మాటలకి మెట్లుంటాయి. అన్నిటికన్నా కింద ఊసుపోక కబుర్లు, పైన మామూలు సమాచారం, ఆ పైన హెచ్చరిక, అన్నిటికీ పైన లోపం. ఏ విభాగంనుంచి ఏ మెట్టు మొదలుకుని రాయాలో ఒక సెట్టింగుల ఫైల్లో చెప్తాం. అంతకన్నా కిందవి గుమాస్తా రాయడు, వదిలేస్తాడు."

"బటన్ నొక్కితే ఏ మెట్టు?"

"హెచ్చరిక."

"సరే. గురువారం చదువు."

"ఇన్‌స్పెక్టర్ గారూ, మీరు చూస్తారా?" అని ఆమె తెర అటు తిప్పబోయింది.

ఇన్‌స్పెక్టర్ కళ్ళు చికిలించాడు. "నువ్వే చదువు."

"కళ్ళజోడు తెప్పించుకోరాదూ?" అన్నాడు చాదస్తం.

"నాకు కళ్ళజోడేమిటి?"

ఆ కళ్ళజోడు జీపు డాష్‌బోర్డులో ఉందని చాదస్తం వచ్చేటప్పుడే చూశాడు. ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడానికి తరవాత చాలా కాలం తనను తాను తిట్టుకున్నాడు.

ఆమె చదివింది. "నాలుగు వేల నూట పదహారు. రెండూ తొమ్మిది. మూడో గది తలుపు తెరిచారు, ఫిట్టరు కార్డు." వేలు తెరమీద ఒక లైను కిందికి జరిపింది. "నూట పదిహేడు. రెండూ పది. తలుపు మూసుకుంది. నూట పద్దెనిమిది. రెండుంబావు. చలి, మైనస్ ముప్ఫై. నూట పందొమ్మిది. రెండున్నర. చలి, మైనస్ ముప్ఫై. నూట ఇరవై. రెండూ నలభై అయిదు..."

"ఆగమ్మా. ఈ నంబర్లు ఎవరు వేస్తారు?"

"గుమాస్తాయే. రాసిన ప్రతి లైనుకీ వరసగా."

"మూడూ పదికి, తలుపు తీసినప్పుడు ఎంత?"

"నూట ఇరవై రెండు."

చాదస్తం ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. "విన్నారుగా. నూట పదహారు నుంచి నూట ఇరవై రెండు దాకా ఒక్క నంబరూ జారిపోలేదు. ఎవరైనా చెరిపి ఉంటే పన్ను ఊడిన నోరులా మధ్యలో సందు కనపడాలి. కనపడలేదంటే ఎవరూ ఏమీ చెరపలేదు. గంట నొక్కిన సంగతి అసలు రాయనేలేదు."

"అయితే నొక్కలేదన్నమాట."

"మూత పగిలిందని మీరే అన్నారు."

చాదస్తం అమ్మాయి వైపు వంగాడు. "గంట కబుర్లు రాయొద్దని గుమాస్తాకి ఎవరైనా చెప్పారా?"

"సెట్టింగుల ఫైలు సరిగ్గానే ఉంది బాబాయ్ గారూ. ఇదుగో, గంట విభాగం, హెచ్చరిక మెట్టు."

"ఇవాళ సరిగ్గా ఉంది. గురువారం?"

ఆమె చేతులు కీబోర్డుమీంచి తీసేసింది. తరవాత నెమ్మదిగా అంది: "మా గుమాస్తా నిమిషానికోసారి ఆ ఫైలు చూసుకుంటాడు. మారితే మళ్ళీ చదువుకుంటాడు. చదువుకున్నట్టు తన సొంత గోడు ఒకటి రాస్తాడు. అది లాగ్‌లోకి రాదు. తెరమీద పడేదాన్ని ఒక చెత్త ఫైల్లోకి మళ్ళించాం. దాన్ని ఎవరూ చూడరు. ప్రోగ్రాం మళ్ళీ మొదలైతే అది చెరిగిపోయి కొత్తగా మొదలవుతుంది."

"పోయిన నెల నుంచీ ఆపలేదుగా? తెరువు."

తెరిచింది. అందులో గురువారానికి రెండే లైన్లున్నాయి.

"రెండూ ఏడు. సెట్టింగులు మారాయి, మళ్ళీ చదివాను." ఆమె ఆగింది. పెదవి తడుపుకుంది. "రెండూ యాభై ఎనిమిది. సెట్టింగులు మారాయి, మళ్ళీ చదివాను."

"ఏం మారిందో?"

"అది రాయడు. ఎవరు మార్చారో కూడా రాయడు."

"ఇన్‌స్పెక్టర్ గారూ, దీనికో నకలు తీయిద్దాం."

"ముట్టుకుంటే ఊరుకోను!" ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడ్డాడు. "ఇది సాక్ష్యం. మా సాంకేతిక విభాగంవాళ్ళొచ్చి సీలు వేసి తీసుకెళ్తారు. అందాకా నకళ్ళు లేవు, వకళ్ళు లేవు. ఈ అమ్మాయి ముద్దాయికి మేనకోడలు. రేపు కోర్టులో ఇదంతా ఈవిడే రాసిందంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"మీవాళ్ళు ఎప్పుడొస్తారు?"

"వచ్చినప్పుడొస్తారు."

ఫోనుతో ఫోటో తీద్దామన్నా వీల్లేదు. ఇక్కడ గేటు దగ్గరే అందరి ఫోన్లూ గూట్లో పెట్టించుకుంటారు, ఇన్‌స్పెక్టర్‌దైనా సరే. చాదస్తం తన చిన్న పుస్తకంలో రెండు టైములూ పెన్సిలుతో రాసుకున్నాడు. పెన్సిలు రాతకి ఎంత విలువుంటుందో ఆయనకు తెలుసు.

"ఏమైనా దొరికిందా, పెద్దాయనా?"

గుమ్మంలో ఈ కోల్డ్ స్టోరేజీ చీఫ్ నిలబడి ఉన్నాడు. ఈ గదులూ, తలుపులూ, సైరన్లూ, ప్రోగ్రామూ అన్నీ కట్టించిన మనిషి ఆయనే. నలభై అయిదేళ్ళుంటాయి. గొంతు ఎప్పుడూ పెరగదు. ఆ గొంతు వింటే నిద్రపోతున్న బిడ్డ కూడా లేవడు. ఆయన చూపు తెరమీద ఆ రెండు లైన్ల దగ్గర కాసేపు నిలిచింది.

"ఈ సైరన్ తీగ పైకొచ్చిందేమిటండీ?" అడిగాడు చాదస్తం. "నక్షా ప్రకారం నేరుగా చలిగదికి పోవాలిగా?"

"అన్నీ ప్రోగ్రాం ద్వారానే నడుస్తాయి పెద్దాయనా. కొత్త పద్ధతి." చీఫ్ నవ్వి, అమ్మాయి భుజం తట్టబోయి, ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "కాసేపు ఇంటికెళ్ళి పడుకోరాదామ్మా? రేపటి తనిఖీ పనులున్నాయి, నేను చూసుకుంటాను." వెళ్ళిపోయాడు.

చాదస్తం ఆయన అడుగుల చప్పుడు మెట్లు దిగేదాకా విన్నాడు.

"అమ్మా, ఒక ఆట ఆడదాం. గంట విభాగం నోరు నొక్కెయ్యి. లోపాలు తప్ప ఇంకేమీ రాయొద్దని చెప్పు గుమాస్తాకి."

ఆ ఫైలు నాలుగు వందల లైన్ల పొడుగుంది. ఆమె వెతకలేదు. వేలు నేరుగా ఆ లైనుమీదకే వెళ్ళింది, చీకట్లో సొంత ఇంటి స్విచ్చి దొరికినట్టు. చాదస్తం అది చూశాడు. చూడకపోతే బావుండుననిపించింది.

"నేను లోపలికెళ్ళి నొక్కుతాను," అన్నాడు. "ఇన్‌స్పెక్టర్ గారు సైరన్ దగ్గర కూర్చుంటారు. అయిదు నిమిషాలకి వచ్చి తలుపు తీస్తారు."

"మోగితే అంతకన్నా ముందే తీస్తాలే," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మూడూ యాభై రెండుకు చాదస్తం అరువు కోటు తొడుక్కుని మూడో గదిలోకి అడుగుపెట్టాడు. వెనక తలుపు మెత్తగా మూసుకుంది. మొదటి ఊపిరికే ముక్కులో వెంట్రుకలు సూదుల్లా నిలబడ్డాయి. ఫ్యాన్ల గాలి చెంపలమీద చర్మం గీరుతోంది. ఫిట్టరు కోటు లేకుండా వచ్చాడు, రెండు నిమిషాల పనేగదా అనుకుని.

ఎర్ర బటన్ నొక్కాడు. గుద్దాడు. లెక్కపెట్టి నలభై సార్లు. ఎక్కడా ఉలుకూ పలుకూ లేదు.

అప్పుడు బటన్ పెట్టె కింది అంచు చూశాడు. నాలుగు మరలుండాల్సిన చోట రెండే ఉన్నాయి. మిగతా రెండూ కింద మంచులో పడి ఉన్నాయి. మూత పక్కకు తిప్పితే లోపల తెగిన తీగ రెండు కొసలూ ఒలిచి, ఒకదానికొకటి మెలిపెట్టి ఉన్నాయి, చక్కగా, మూడు చుట్లు, ఎక్స్ఛేంజీలో కుర్రాళ్ళకి చాదస్తం నేర్పినట్టే. గుద్ది గుద్ది లాభం లేదనుకున్నాక, ఆ చలిలో వేళ్ళు కొయ్యబారుతుంటే, ఫిట్టరు బటన్‌లోనే ఏదో లోపముందనుకుని మరమ్మతు చేశాడు. తప్పు తన పనిలో ఉందేమోనని ఆఖరిదాకా తననే అనుమానించుకున్నాడు. అంత చక్కటి ముడి చాదస్తం తన సర్వీసులో నాలుగో అయిదో చూసుంటాడు.

కళ్ళలో నీళ్ళు వచ్చాయి. రెప్పలు అతుక్కున్నాయి.

ఏడు నిమిషాలకు తలుపు తెరుచుకుంది.

"అయిదనుకున్నాం," అన్నాడు చాదస్తం, పళ్ళు కొట్టుకుంటుండగా.

"నా గడియారం నిదానం." ఇన్‌స్పెక్టర్ మొహంలో మటుకు వెటకారం లేదు. "నొక్కావా అసలు?"

"నలభై సార్లు."

"మోగలేదు."

సెట్టింగులు మళ్ళీ మామూలుగా పెట్టించి, నిమిషం ఆగి, ఒక్కసారి నొక్కితే రెండంతస్తులూ అదిరిపోయాయి.

నాలుగూ పద్దెనిమిదికి గార్డును కూడా పై గదికి తెచ్చారు. చాదస్తం వేడినీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చెప్పాడు.

"ఈ సైరన్ బటన్ మాట వినదు. గుమాస్తా మాట వింటుంది. గుమాస్తా హెచ్చరిక రాస్తే ఒక ప్రతి ఫైలుకి, ఒక ప్రతి సైరన్‌కి పోతుంది. చలిగదికి వేరే తీగ లాగే ఓపిక లేక, కట్టినవాళ్ళెవరో ప్రాణాలు కాపాడే గంటని రాతకోతల వ్యవహారానికి వేలాడదీశారు. గుమాస్తా నోరు నొక్కితే గంట నోరూ పడిపోతుంది. గురువారం రెండూ ఏడుకి జరిగింది అదే. కనక ఈ గార్డు విన్నాడా లేదా అన్న ప్రశ్నే లేదు."

గార్డు మొహంలో నాలుగు రోజుల తరవాత రక్తం కదిలింది. అమ్మాయి మటుకు బల్లమీదున్న తన కుడిచేతినే చూసుకుంటోంది, అది ఎవరిదో అన్నట్టు.

"నేనే," అంది.

ఇన్‌స్పెక్టర్ ఆమె వైపు తిరిగాడు.

"నేనే మార్చాను. డిస్కు నిండిపోతోంది, గంట విభాగం ఊరికే వాగుతోంది, నోరు మూయించమని చీఫ్ గారు ఫోన్ చేశారు. ఇలాంటివి వారానికి పది చేస్తాం. సైరన్ దీనికి కట్టి ఉందని నాకు తెలీదు బాబాయ్ గారూ. దానికి సొంత తీగ ఉందనుకున్నాను. నాన్న చెప్తూనే ఉన్నాడు, లేదూ లేదూ అని. నాన్నది చాదస్తమనుకున్నాను."

"మళ్ళీ ఎప్పుడు మామూలుగా పెట్టావు?"

"పెట్టలేదు. మర్చిపోయాను. ఇందాక చూస్తే సరిగ్గా ఉంది, నేనే పెట్టానేమో అనుకున్నాను."

"రెండూ యాభై ఎనిమిదికి ఎవరో పెట్టారు," అన్నాడు చాదస్తం. "శవం కనపడింది మూడూ పదికి. ఇంక గంట మోగినా ఫరవాలేదని పన్నెండు నిమిషాలు ముందే ఎవరికి తెలుసు? అది తేల్చండి ఇన్‌స్పెక్టర్ గారూ."

"ముందు రెండూ ఏడు తేలనీ. ఆ చీఫ్ నేను ఫోన్ చేయలేదంటే ఈవిడ దగ్గర సాక్ష్యమేముంది?" ఇన్‌స్పెక్టర్ గార్డు బేడీలు విప్పాడు. విప్పి, వాటిని చేతిలో ఆడిస్తూ అమ్మాయి వైపు ఒక అడుగు వేశాడు.

"సార్."

గార్డు రెండు చేతులూ ముందుకు చాపాడు. "మోగింది సార్. నేను విన్నాను."

"మామయ్యా!"

"నువ్వూరుకో బుజ్జీ. బావమీద కోపంతో నేనే కదల్లేదు సార్. రాసుకోండి. పిల్లకేం తెలీదు."

"ఏమయ్యా, మతి పోయిందా?" చాదస్తం గ్లాసు దించాడు. "మోగలేదని ఇప్పుడే కదా ఈయన తన చెవుల్తో విన్నది!"

"ఇవాళ మోగలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా. ఆయన మొహం తేటపడుతోంది, పొద్దున్నే కట్టిన మూట విప్పనక్కర్లేదని తెలిసినవాడిలా. "గురువారం మోగలేదని ఎక్కడుంది?"

"ఆ రెండు లైన్లలో ఉంది. మీరున్నారుగా అప్పుడు."

కిందనుంచి సైరన్ కుయ్యిమంది. ఒక్కసారే. ఆగిపోయింది.

అమ్మాయి కుర్చీ వెనక్కి తన్ని తెరమీద పడింది. చెత్త ఫైలు తెరిచింది. అందులో ఇప్పుడు ఒకే ఒక్క లైనుంది. "నాలుగూ ఇరవై ఆరు. మొదలయ్యాను."

"ఎవరు ఆపారు? ఎవరు మొదలెట్టారు?" ఇన్‌స్పెక్టర్ అరిచాడు. వరండాలో ఎవరో కింద అడిగొచ్చి చెప్పారు: మీ పరీక్షలతో ప్రోగ్రాం మొరాయించిందట, రేపు తనిఖీ ఉంది గనక చీఫ్ గారు మళ్ళీ మొదలెట్టారట.

చాదస్తం ఇన్‌స్పెక్టర్‌కి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "ఇన్‌స్పెక్టర్ గారూ. నకలు వద్దన్నది మీరు. ఆ రెండు లైన్లూ ఇంక లోకంలో మీ కళ్ళలో తప్ప ఎక్కడా లేవు. చెప్పండి. చూశారా, లేదా?"

ఇన్‌స్పెక్టర్ కిటికీలోంచి కింద నిలిపిన జీపు వైపు చూశాడు.

"నేను చదవలేదు. ఆ అమ్మాయి చదివితే విన్నాను. ముద్దాయి మేనకోడలు." గార్డు చేతులకు మళ్ళీ బేడీలు వేశాడు. ఈసారి కాస్త వదులుగా వేశాడు. ఆయన మంచితనం అంతవరకే వచ్చి ఆగింది.

గుమ్మం దగ్గర గార్డు వెనక్కి తిరిగాడు. "బాబూ, బుజ్జిని ఇంటి దగ్గర దింపండి. ఒంటరిగా పంపకండి. అక్కకేం చెప్పకండి." కాస్త ఆలోచించి, "పిరికి సన్నాసి అన్నాడండీ బావ," అన్నాడు, ఎవరికో జవాబు చెబుతున్నట్టు.

నాలుగూ నలభైకి జీపు వెళ్ళిపోయింది.

గదిలో ఇద్దరే మిగిలారు. చాదస్తం అమ్మాయికి ఎదురుగా కూర్చున్నాడు. విడిపించమని పిలిస్తే వచ్చి, మామయ్యను గట్టిగా కట్టించి, తండ్రి చావును కూతురి చేతికి చుట్టి, ఇప్పుడు ఖాళీగా కూర్చున్నాడు. నలభై రెండేళ్ళ అనుభవం! ఆ అనుభవాన్ని తీసుకెళ్ళి ఆ చలిగదిలో పారేయాలనిపించింది.

పారేయలేక, ఉన్న ఒక్క అలవాటుకే లొంగాడు. అడిగినదే మళ్ళీ అడిగాడు.

"ఆ రోజు చీఫ్ ఫోన్ చేసింది ఎన్నింటికమ్మా?"

"రెండూ అయిదు అయ్యుంటుంది."

"ఈ బల్ల ఫోనుకేనా?"

"ఊ."

"అప్పుడు గదిలో ఎవరైనా ఉన్నారా?"

"నాన్న ఉన్నాడు. రోజూ రెండింటికి వచ్చి ఆ కుర్చీలో కూర్చుని టీ తాగేవాడు. మీరు కూర్చున్న కుర్చీయే."

"తరవాత నాన్న మూడో గదికి ఎందుకెళ్ళాడు?"

"తలుపు బందు పట్టేస్తోందని ఎవరో ఫోన్ చేస్తే..." ఆమె మాట మధ్యలో తెగిపోయింది. మొహంలో రంగు దిగిపోవడం చాదస్తం చూస్తూ ఉన్నాడు. ఈ ప్రశ్న అన్నిటికన్నా ముందే అడగాల్సింది. పన్ను పుచ్చిందని కూడా కనిపెట్టిన చెవులు, ఆ ఫోన్ ఎవరిదని అడగలేదు.

"వేరే ఫోన్ రాలేదు," అంది ఆమె. గొంతు ఎక్కడో దూరంనుంచి వస్తున్నట్టుంది. "అదే ఫోన్. గంట నోరు మూయించమన్నారు. నేను అక్కడికక్కడే మార్చాను. అయిపోయింది సార్ అన్నాను. మంచిదమ్మా అన్నారు. తరవాత... తరవాత, 'నాన్న అక్కడే ఉన్నాడుగా, ఫోన్ ఒకసారి ఆయనకివ్వమ్మా' అన్నారు. ఇచ్చాను. నా చేత్తోనే ఇచ్చాను బాబాయ్ గారూ."

బల్లమీద ఫోను మోగింది.

ఇద్దరూ దాన్నే చూశారు. నాలుగోసారి మోగాక ఆమె రిసీవరు ఎత్తి చెవికి పెట్టుకుంది. విన్నది. "ఊ," అంది. మళ్ళీ "ఊ," అంది. ఆ తరవాత రిసీవరును బల్ల మీదుగా చాదస్తానికి చాపింది.

"చీఫ్ గారు," అంది. "ఫోన్ ఒకసారి పెద్దాయనకివ్వమ్మా అంటున్నారు."